ఎదురుమొండి పక్క పాయలో దిగబడ్డ పడవ

శనివారం మధ్యాహ్నం పన్నెండుంబావుకు, ఎదురుమొండి దీవి పక్కన మడ అడవిలోని ఒక సన్నని పాయలో మా పడవ బురదలో దిగబడింది. పడవలో ముగ్గురం ఉన్నాం: నేను, ప్రభాకర్, పడవ నడిపే నాంచారయ్య. నీళ్లు ఇంకా తగ్గుతున్నాయి. ఆ రాత్రిలోగా నేను విజయవాడలో ఒకరికి అవునో కాదో చెప్పాలి.

ఈ ప్రయాణానికి కారణం ఒక నవల. ప్రభాకర్ విజయవాడ పటమటలో ఉంటాడు, కోచింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు, సెలవు రోజుల్లో సరదా సాహస ప్రేమకథ ఒకటి రాస్తున్నాడు. కొబ్బరి చెట్ల దీవి, వెంటపడే దొంగలు, మడ చెట్ల చాటున దాక్కునే జంట. ఒక అధ్యాయంలో వాళ్ల పడవ బురదలో చిక్కుకుంటుంది, ఇద్దరూ పడీ పడీ నవ్వుకుంటారు. చాలా ఏళ్లుగా వార్తలు రాస్తున్నదాన్ని కాబట్టి, అలాంటి చోట ఎవరూ నవ్వరని చెప్పాను. "నువ్వెప్పుడైనా చిక్కుకున్నావా?" అన్నాడు. లేదన్నాను. "అయితే చూసొద్దాం పద" అన్నాడు.

రెండో కారణం నాది. ప్రభాకర్ నన్ను పెళ్లి చేసుకుంటానన్నాడు. ఆదివారం చర్చిలో పాస్టర్ గారు మా పెళ్లి ప్రకటన మొదటిసారి చదవాలి. వరసగా మూడు ఆదివారాలు చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమంటారు, ఆ తర్వాతే పెళ్లి. శనివారం రాత్రిలోగా నా మాట చెబితే చదువుతామన్నారు. నేనింకా చెప్పలేదు. ప్రభాకర్ మంచివాడు, అందులో సందేహం లేదు. కానీ దేన్నైనా ఉన్నదానికంటే అందంగా చెబుతాడు. అలాంటి మనిషి కష్టం వచ్చినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెబుతాడా అన్నది నాకు తేలలేదు.

నేను భవానీపురం నుంచి, ఆయన పటమట నుంచి బస్టాండుకు చేరి, ఆరు గంటల అవనిగడ్డ బస్సెక్కాం. ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి మీదుగా మూడు గంటల లోపే పడుతుంది. అవనిగడ్డలో ఇడ్లీ తిని, ఆటోలో నాగాయలంక మీదుగా ఏటిమొగ రేవుకు వెళ్లాం. దీవికి వెళ్లే జనమంతా పంటు ఎక్కుతారు, మోటార్ సైకిళ్లు కూడా దాని మీదే దాటతాయి. మడ అడవి చూడాలంటే మాత్రం వేరే పడవ మాట్లాడుకోవాలి. నాంచారయ్య మోటారు పడవకు పదిహేను వందలు అడిగాడు, సరేనన్నాం.

రేవులో టీ తాగుతుంటే కొట్టావిడ ప్రభాకర్‌ని పలకరించింది. "దీవిలో చుట్టాలున్నారాండీ?"

"ఎవరూ లేరండీ" అన్నాడు ప్రభాకర్, నవలలోని గొంతు పెట్టి. "మా వాళ్లకి తెలియకుండా వచ్చేశాం. మేం ఇటొచ్చామని ఎవరికీ చెప్పకండేం."

ఆవిడ నవ్వింది. పక్క బల్ల మీద టీ తాగుతున్న నాంచారయ్య నవ్వలేదు. నేనది చూశాను, పట్టించుకోలేదు.

పదకొండున్నరకు బయల్దేరాం. పెద్ద పాయలో ఒక చుట్టు తిప్పి తీసుకొస్తానన్నది ఒప్పందం. కాసేపటికి వెనకాల ఇంకో పడవ కనిపించింది. అందులో ఇద్దరు మనుషులు, దూరానికి మొహాలు ఆనడం లేదు, ఒకతను లేచి నిలబడి చేతులు ఊపుతున్నాడు. ఏదో అరుస్తున్నాడు గానీ మోటారు చప్పుడులో మాటలు అందలేదు. నాంచారయ్య ఒకసారి వెనక్కి చూశాడు, వేగం పెంచాడు. ఆ పడవ కూడా వేగం పెంచింది. ఈసారి నాంచారయ్య పడవను కుడివైపు ఒక సన్నని పాయలోకి తిప్పేశాడు.

"ఇటెందుకండీ?" అన్నాను.

"మీరు తల వంచుకోండమ్మా" అన్నాడు. మోటారు ఆపేశాడు.

కొమ్మలు నెత్తికి తగిలేంత కిందికి ఉన్నాయి. ప్రభాకర్ నా వైపు చూశాడు. ఎవరు వస్తున్నారో, ఈ మనిషి మమ్మల్ని ఎక్కడికి తీసుకెళ్తున్నాడో తెలియదు. ఫోన్‌లో సిగ్నల్ లేదు. పడవ అడుగు దేనికో రాసుకున్న చప్పుడైంది, ఆగిపోయింది. నాంచారయ్య గెడ వేసి నెట్టాడు. గెడ దిగింది గానీ పడవ కదల్లేదు.

"పాటు ఇంకా అయిపోలేదు" అన్నాడు. నీరు సముద్రం వైపు తగ్గిపోవడాన్ని ఇక్కడ పాటు అంటారు. "ఇప్పుడు నెట్టకపోతే పోటొచ్చేదాకా ఇక్కడే."

నేనింకేమైనా అడిగేలోపే ప్రభాకర్ ప్యాంటు మడిచి దిగేశాడు. "ఏం పర్లేదు, చల్లగా, మెత్తగా ఉంది" అన్నాడు. రెండు సార్లు నెట్టాడు. అప్పటికే మోకాళ్లు దాటి దిగాడు. మూడోసారికి తొడల దాకా వెళ్లాడు.

"అడుగు తగులుతోందా?" అని అడిగాను.

"లేదు" అన్నాడు. "కుడి కాలు అస్సలు కదలట్లేదు. కదిపితే ఇంకా దిగుతున్నా. భయంగా ఉంది, శాంతా."

ఆ మాటల్లో అలంకారం లేదు. నాంచారయ్య చేయి అందించబోయినవాడల్లా ఆగాడు. "అయితే లాగకూడదమ్మా" అని పడవలోని చెక్క పలకలు రెండు ఊడదీసి బురద మీద పరిచాడు. వాటి మీద బోర్లా పడి ఛాతీ ఆన్చమని ప్రభాకర్‌కి చెప్పాడు. ఒక్కో కాలూ మెల్లగా ఊపుతూ పైకి తీయడానికి చాలా సేపు పట్టింది. నేను ఆయన చొక్కా కాలర్ పట్టుకునే ఉన్నాను. ఒక చెప్పు లోపలే ఉండిపోయింది.

ఊపిరి అందాక నాంచారయ్య మెల్లగా అడిగాడు. "ఆళ్లు ఎవరి తరపమ్మా? మీ అన్నదమ్ములా? బయపడమాకండి. మా చెల్లెలు దీవిలోనే ఉంది. పెళ్లయ్యేదాకా ఆళ్లింట్లో ఉండొచ్చు."

అప్పుడు అర్థమైంది. "మేం లేచిపోయి వచ్చామనుకున్నారా?"

"మరి ఈయనే కదమ్మా టీ కొట్టుకాడ చెప్పింది!"

"నాకు నలభై రెండేళ్లండీ. లేచిపోవాలన్నా ఇంకా ఎవరింటి గోడ దూకను?"

పాయ మొదట్లో కేక వినిపించింది. లోపలికి రావడానికి నీళ్లు చాలక వెంటపడ్డ పడవ అక్కడే ఆగి ఉంది. నిలబడ్డ మనిషి టీ కొట్టావిడ భర్త. "ఓ నాంచారయ్యా! చెవుడా నీకు? ఈళ్లు అన్నం క్యారేజీ మా కొట్లో మర్చిపోయారు! ఆపమని అరుస్తుంటే అడవిలోకి తోల్తావేంటెహె?"

నాంచారయ్య తల గోక్కున్నాడు. "బాబుగారూ, మీకో దణ్ణం. ఇంకెక్కడా అట్టా చెప్పమాకండి" అన్నాడు ప్రభాకర్‌తో. ఒళ్లంతా బురదతో ప్రభాకర్ చేతులు జోడించాడు. ముగ్గురం నవ్వాం. బురదలోంచి బయటపడ్డాకే నవ్వామని, నవల రాసేటప్పుడు అది గుర్తుంచుకోమని ప్రభాకర్‌కి చెప్పాను.

నాలుగు గంటలకు నీళ్లు తిరిగొచ్చి పడవ తేలింది. రేవులో టీ కొట్టు బల్ల మీద కూర్చుని ఆ క్యారేజీలోని నిమ్మకాయ పులిహోర తిన్నాం. ఏడు గంటలకు, అవనిగడ్డ బస్టాండులో ప్రభాకర్ రబ్బరు చెప్పులు కొనుక్కునేలోపు, నేను పాస్టర్ గారికి ఫోన్ చేసి, చదవమన్నాను.

ఒక మనిషి గురించి రోజంతా ఆలోచించినా తెలియనిది ఒక్కోసారి ఒక్క జవాబులో తెలుస్తుంది. ప్రభాకర్ ఇకముందు కూడా టీ కొట్లలో కథలు చెబుతాడు, అది మారదు. కాలికి అడుగు తగలనప్పుడు మాత్రం తగలట్లేదనే చెబుతాడు. నాకు కావలసింది అదే. మీరు ఎదురుమొండి వెళ్తుంటే ఒక సలహా: పడవ ఎక్కేముందు పాటు ఎప్పుడో, పోటు ఎప్పుడో అడగండి, ఎందుకు వెళ్తున్నారో పడవ మనిషికి మీ నోటితో ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

రేపు ఉదయం తొమ్మిదిన్నరకు పటమటలో ఆరాధన. వాక్యం అయ్యాక మొదటి ప్రకటన చదువుతారు. అభ్యంతరం ఉన్నవాళ్లు లేచి నిలబడవచ్చు.