కరీం భాయ్ సూది, జపాన్ పొద్దు

1978 ఫిబ్రవరి. పురానాపూల్ దగ్గర ఒక చిన్న దవాఖానలో నర్సుగా పనిచేస్తున్నాను. మా షుగర్ పేషెంట్లలో కరీం భాయ్ ఒకరు. ముత్యాలకు బెజ్జాలు వేయడం ఆయన పని. గడియారం చూడటం రాదు. అందుకే ఇన్సులిన్ సూది నేర్పేటప్పుడు, "తెల్లారంగ ఫజర్ నమాజ్ అయినంక ఒకటి, పొద్దుగూకి మగ్రిబ్ అయినంక ఒకటి. ఏసుకోంగనే తినాలె" అని చెప్పాను. మంచి ఉపాయం కనిపెట్టానని నాకు కాస్త గర్వం కూడా.

ఒక మధ్యాహ్నం ఆయన సంబరంగా వచ్చారు. ముత్యాలు ఏరడానికి సేటు ఆయన్ని జపాన్ తీసుకుపోతున్నాడు. సాయంత్రం బొంబాయికి విమానం, తెల్లారి అక్కడి నుంచి టోక్యోకు.

"మస్తు దూరమట సిస్టరమ్మా. పొద్దున ఎక్కితే దిగేసరికి రాత్రయితదట. ఆడ మనకన్న మూడున్నర గంటల ముందే పొద్దుగూకుతదట!"

"సూదులు మర్వకు భాయ్" అని నవ్వి పంపించాను.

సిరంజీలు మరగబెడుతుంటే ఆయన మాట మళ్లీ గుర్తొచ్చి, పటకారు పక్కన పెట్టేశాను. తూర్పుకు పోయే విమానంలో మగ్రిబ్ మన మధ్యాహ్నం మూడు గంటలకే వచ్చేస్తుంది. పొద్దుటి మందు ఒంట్లో ఇంకా పనిచేస్తుండగానే ఈయన రెండో సూది వేసుకుంటారు. షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. దాన్ని హైపో అంటాం. ఏడాది కిందట ఈయన అలాగే మా వరండాలో పడిపోతే గ్లూకోజ్ ఎక్కించి బతికించుకున్నాం. విమానంలో ఎవరు ఎక్కిస్తారు?

డాక్టరుగారు విని మండిపడ్డారు. "సూర్యుణ్ణి చూడమని ఎవరు చెప్పమన్నారు సిస్టర్? సూదికీ సూదికీ మధ్య పన్నెండు గంటలు ఉండాలి. ముందు వెళ్లి ఆపండి!"

బేగంపేటకు ఆటో ఎక్కాను. అఫ్జల్‌గంజ్ దగ్గర అంతా జామ్.

"జల్ది పోనీ అన్నా!"

"గాల్ల ఉడాయించాల్నా ఏందమ్మా?" అన్నాడు ఆటో అతను.

విమానాశ్రయంలో కానిస్టేబుల్ అడ్డుకున్నాడు. తెల్ల యూనిఫాం చూపించి, "లోపల నా పేషెంటు ఉన్నడు, పానం మీదికొస్తది" అని బతిమాలాను. కరీం భాయ్ అప్పటికే లైన్లో ఉన్నారు.

"భాయ్, విమానంల మగ్రిబ్ చదువు గానీ సూది ఏసుకోకు!"

"మగ్రిబ్ అయినంకనే అని నువ్వే చెప్తివి గద?"

"నేనే తప్పు చెప్పిన."

నా చేతి గడియారం విప్పి ఆయన చేతికి కట్టాను. "చిన్న ముల్లు కిందికి, పెద్ద ముల్లు మీదికి, నిలువుగ ఒక్క గీత లెక్క నిలబడాలె. గప్పుడే సూది. రోజు చావి ఇయ్యి, ముళ్లు మాత్రం జరపకు."

"ముత్యంల దారం లెక్కనా?"

"గట్లనే."

ఆ తర్వాత పదిహేను రోజులు నాకు అన్నం సహించలేదు. ఒకరోజు గుమ్మంలో సలాం వినిపించి తలెత్తితే ఆయనే. ఏడుపొచ్చేసింది. ఆయన గడియారం విప్పి నా చేతిలో పెట్టారు. అది మన టైమే చూపిస్తోంది.

"ఆడ దిగినంక గూడ జరపలేదా భాయ్?"

"జరపొద్దంటివి గద! నమాజ్ ఆళ్ల పొద్దు చూసి చదివిన. సూది నీ గడియారం చూసి ఏసుకున్న."

దిగాక ఏం చేయాలో చెప్పడం నేను మరిచిపోయానని అప్పుడు తెలిసింది. ఆ రోజు నుంచి ఏ పేషెంటుకైనా టైమ్ చెప్పే ముందు, "గా టైమ్‌కు నువ్వు యాడుంటవ్?" అని అడుగుతాను.