పెద్దమ్మ తీసిన శనిగ్రహం

మా పెద్దమ్మ పోయింది. పోయినవారం పొద్దున్నే అమ్మ ఫోన్ చేసి, "అక్క ఇంక లేదు పాపా" అని మాత్రం అంది. నేను సముద్రం దగ్గర ఆమె ఉండే ఉప్పళం చేరేసరికి ఇంటి ముందు షామియానా కడుతున్నారు.

పెద్దమ్మ టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి రిటైరైంది. పెదనాన్న పోయాక ఒక చిన్న టెలిస్కోపు కొనుక్కుంది. "ఈ వయసులో గుడికి పోకుండా ఏంది నీకీ పని?" అని అమ్మ కోప్పడితే, "నవగ్రహాల్ని సుట్టి సుట్టి కాళ్ళు నొస్తా ఉండాయి. ఇంక కుర్సీలో కూసోని సూస్తా" అంది.

సాయంత్రం దీపం పెట్టి మేడెక్కేది. గ్రహాన్ని ఫోటో తీయడమంటే ఒక్క క్లిక్కు కాదు. ముందు టెలిస్కోపుకి కెమెరా తగిలించి లాప్‌టాప్‌లోకి వీడియో తీయాలి. సముద్రపు గాలికి గ్రహం తెరమీద వణుకుతూనే ఉంటుంది. ఆ వీడియోలోని వేల బొమ్మల్లో కుదురైనవి ఏరి, ఒకదానిమీద ఒకటి పేర్చితే ఒక ఫోటో అవుతుంది. నేను విసుక్కుంటే, "గాలి నిలిసేదాకా ఊరకుండు. శని యాడికి పోతాది?" అనేది. నాకు ఉద్యోగం ఊడిన ఏడాది ఎవరెవరో సలహాలిచ్చారు. పెద్దమ్మ మాత్రం మేడమీద తన పక్కన ఇంకో కుర్చీ వేసింది. నేను నిలదొక్కుకున్నది అక్కడే.

పెద్దమ్మకి కడుపులో గడ్డని తెలిసేసరికే ముదిరిపోయింది. ఈసారి శని వలయం గీతలా సన్నబడుతుందని, దాన్ని తీయాలని ఆమె ఎన్నాళ్ళుగానో అనుకుంటోంది. ఆస్పత్రివాళ్ళు ఇంటికి పంపేశాక ఒకరోజు, "నన్ను మాడిమిందికి తీసకపోండి" అంది. తమ్ముడూ నేనూ కుర్చీతో సహా మేడమీదికి మోశాం. బరువే లేదు. తమ్ముడు కిందికి దిగిపోయి మెట్లమీద కూర్చుని ఏడ్చాడు.

లాప్‌టాప్ ఆమె ఒళ్ళో పెట్టి రికార్డింగ్ మొదలుపెట్టాను. వణికే చిన్న బంతి, దానికి అడ్డంగా సన్నటి గీత. చాలాసేపు చూసింది.

"మళ్ళా వలయం బాగా తెరుసుకునేదానికి ఏండ్లు పడతాది. నువ్వు సూడు."

ఆమె చేయి చాచి టెలిస్కోపు గొట్టాన్ని నిమిరింది. ఆ తాకిడికి గొట్టం కదిలి గ్రహం తెరమీంచి ఎగిరిపోయింది.

"అయ్యో, సెడగొట్టేస్తినే!"

"లేదు పెద్దమ్మా, వచ్చేస్తుంది."

నిన్న ఇంట్లో జనం తగ్గాక ఆ వీడియో తెరిచాను. చెడిపోయిన బొమ్మల్ని ఏరి తీసేయబోయి ఆగిపోయాను. శని మధ్యలో వణుకుతూ ఉంటుంది. ఉన్నట్టుండి అంచుదాకా ఎగిరి మాయమవుతుంది. కాసేపు తెరంతా నల్లగా ఉంటుంది. అప్పుడు పెద్దమ్మ చేయి గొట్టం మీద ఉంది.