తాతారావు గారి మే నెల చలి

నాంపల్లి స్టేషను వెనక గల్లీలో ఎండ అందరికీ తగిలేది, ఒక్క తాతారావు గారికి తప్ప. మే నెల మిట్టమధ్యాహ్నం తారురోడ్డు మెత్తబడి చెప్పుల్ని పట్టి లాగుతుంటే, ఆయన నల్ల ఉన్ని కోటు తొడుక్కుని, మెడకు మఫ్లరు చుట్టుకుని, పెళ్లి పేరంటానికి బయల్దేరినంత తీరిగ్గా నడిచి వెళ్లేవారు. పొరపాటున ఎవరైనా నుదురు తుడుచుకుంటూ "ఏం ఎండలండీ" అన్నారా, ఇక దొరికిపోయినట్టే.

"ఇదీ ఓ ఎండేనటండీ? మా బెజవాడ రండి, ఎండంటే ఏవిటో చూపిస్తాను. ఇక్కడ నాకు పొద్దు వాలేసరికి కాస్త చలేస్తుంది కూడానూ!"

కొత్త రాష్ట్రం వచ్చినప్పుడు కర్నూలు నుంచి ఆఫీసుతో పాటు హైదరాబాదుకు తరలివచ్చిన గుమాస్తాల్లో ఆయన ఒకరు. పుట్టి పెరిగింది బెజవాడ. పెళ్లి చేసుకోలేదు. ఆయన అద్దెకున్న ఇల్లు బాలకిషన్‌ది. బాలకిషన్‌కు ఆబిడ్స్‌లో గొడుగుల దుకాణం ఉంది. వానకు కొనేవాళ్లు వానకు కొంటారు గానీ, నిజానికి అతని ఇల్లు గడిచేది ఎండ మీద. అందుకని అతను హైదరాబాదు ఎండను సొంత మేనమామను చెప్పుకున్నంత గర్వంగా చెప్పుకునేవాడు. అలాంటివాడి ఇంట్లో ఇలాంటి మనిషి దిగాడు.

మొదటి వేసవిలోనే బాలకిషన్‌కు మొదటి దెబ్బ తగిలింది. పొద్దుటి నుంచి వడగాలి కొడుతోంది. కాకులు కూడా నోళ్లు తెరుచుకుని గోడ నీడన కూర్చున్నాయి. తాతారావు గారు కోటు గుండీలు పెట్టుకుంటూ గదిలోంచి బయటికొచ్చారు.

"ఏంది సార్, గీ ఎండల ఉన్నికోటా? పానం బాగలేదా?"

"నిక్షేపంలా ఉందండీ. ఆ పిల్లగాలి తగులుతుంటే ఎందుకైనా మంచిదనీ."

బాలకిషన్ పాన్ నమలడం మానేశాడు. "పిల్లగాలా? గది వడగాలి సార్! మనుషుల్ని సంపుతది!"

"మా కృష్ణ ఒడ్డున దీన్ని పిల్లగాలే అంటారండీ" అనేసి ఆయన ఆఫీసుకు వెళ్లిపోయారు.

బాలకిషన్ తిన్నగా వంటింట్లోకి పోయి పెళ్లాం కిష్టవ్వ ముందు కూలబడ్డాడు. "విన్నవా? వడగాలిని పట్టుకొని పిల్లగాలంటడు! మనకు ఇజ్జత్ ఉన్నట్టా, లేనట్టా?"

"ఎండకు ఇజ్జతేందయ్యా! సల్లవడక ముందు బువ్వ తిను" అంది కిష్టవ్వ.

ఇంట్లో మాట ఇంట్లోనే ఉంటుంది, పరువు బజారున పడ్డది ఇంకో రోజు. ఒక పెద్దమనిషి దుకాణంలో నల్లగొడుగు చేతిలోకి తీసుకుని, విప్పి, మూసి, మళ్లీ విప్పి, ఇక తీసేసుకుంటాడనగా తాతారావు గారు దుకాణం ముందు ఆగారు.

"గొడుగు వానకాండీ?"

"కాదండీ, ఎండకి."

"ఏ ఎండకి?" అన్నారు తాతారావు గారు, తల పైకెత్తి ఆకాశమంతా వెతికి.

పెద్దమనిషి ఆ కోటు చూశాడు. మఫ్లరు చూశాడు. తన జుబ్బా వైపు చూసుకున్నాడు. తనకే ఏదో జబ్బు చేసిందని అనుమానం వచ్చినట్టుంది, గొడుగు బల్ల మీద పెట్టేసి గబగబా వెళ్లిపోయాడు.

"సార్! బేరం గడబడ చేసిన్రు గద సార్!"

"ఎండకు గొడుగులు అంటగట్టడం ధర్మం కాదండీ. కంబళ్లు పెట్టండి, చలికాలం వచ్చేస్తోంది."

"గిది మే నెల సార్!"

"అదే నేనూ అంటున్నాను. ఎంతలో గడిచిపోతుంది!"

ఆ రోజంతా బాలకిషన్ గొడుగులు అమ్మే ముందు ఆకాశం వైపు ఒకసారి చూసుకున్నాడు.

ఇంత జరిగినా ఆయన్ను ఖాళీ చేయించాలని మాత్రం అతనికి ఎన్నడూ తోచలేదు. ఎందుకంటే మాటిచ్చాడు. ఆ ఇంట్లో చెప్పుకోదగ్గ గది ఒక్కటే, కిందిది. పాతకాలపు రాతిగోడలు, ఎత్తయిన కప్పు, ఉత్తరం కిటికీకి వట్టివేళ్ల తడిక. తడిక మీద చెంబెడు నీళ్లు చల్లితే వడగాలి కూడా అందులోంచి సద్దుకుని, చల్లబడి, మంచి వాసనతో లోపలికొచ్చేది. మేడ మీద ఉన్నది రేకుల గది. దాని సంగతి చెప్పుకోకపోవడమే మేలు. కిరాయికి ఇస్తే మంచి గదే ఇవ్వాలన్నది బాలకిషన్ పట్టుదల. "మీరున్నన్ని దినాలు గీ గది మీదే సార్. నా జబాన్" అని మొదటి రోజే చెయ్యి మీద చెయ్యి వేశాడు. అతనూ కిష్టవ్వా పగలు దుకాణంలోనూ వంటింట్లోనూ నెట్టుకొచ్చి, పొద్దు గూకాక డాబా మీద పడుకునేవాళ్లు.

ఇలా ఏడేళ్లు గడిచాక కూతురు జయమ్మ జనగామ నుంచి కాన్పుకు వచ్చింది. తొలి కాన్పు, పుట్టింట్లోనే జరగాలి. అత్తవారు ఎంత దూరమైనా పంపించాల్సిందే. పంపించారు. కాకపోతే బిడ్డ ముహూర్తం చూసుకున్నట్టు మే నెలలో ఎండలు ముదిరాక రాబోతోంది. ఆ ఏడు ఎండలు బాలకిషన్ గర్వాన్ని కూడా దాటిపోయాయి. వంటింట్లో పొయ్యి సెగ, మేడ మీద రేకుల సెగ. నిండు నెలల పిల్ల ఆ మెట్లు ఎక్కలేక దిగలేక ఆయాసపడేది. ఒక మధ్యాహ్నం దిగుతూ దిగుతూ మెట్ల మీదే కళ్లు తిరిగి పడబోయింది. కిష్టవ్వ పట్టుకోబట్టి సరిపోయింది.

దవాఖాన నుంచి వచ్చిన నర్సమ్మ రేకుల గదిలోకి అడుగు పెట్టీ పెట్టగానే బయటికొచ్చేసింది. "గీడ ఉంచుతున్నరా? మీకు అకల్ ఉన్నదా? వడదెబ్బ తగిలిందంటే తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ ముప్పు. ఎంబడే సల్లటి జాగ చూడున్రి!"

ఆ మాటకు బాలకిషన్ వాకిట్లో గోడకానుకుని కూర్చున్నాడు. కిష్టవ్వ పక్కన కూలబడింది.

"సార్‌ను అడుగయ్యా. ఎట్లాగూ చలి పెడ్తదనే అంటడు గద."

"నేనడుగ. జబాన్ ఇచ్చిన."

"బిడ్డ పానం కంటె జబాన్ ఎక్కువనా?"

"నా కష్టానికి ఇంకొకని జాగ గుంజుకుంటనా? ఆయనకు ఆయన ఇచ్చినా తీస్కోను. రేపు ఉస్మాన్‌గంజ్ దిక్కు పోయి గది కిరాయికి చూస్త." గట్టిగానే అన్నాడు గానీ, ఈ ఎండల్లో పిల్లను రిక్షాలో అటూ ఇటూ తిప్పడం తలుచుకుంటేనే అతనికి ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున్నే తాతారావు గారు పరుపు చుట్ట చంకన పెట్టుకుని, పళ్లు టకటకలాడిస్తూ వాకిట్లోకొచ్చి ఇల్లెగిరిపోయేలా అరిచారు.

"ఏవండీ బాలకిషన్ గారూ! ఇదేం గదండీ బాబూ! ఎముకలు కొరికేస్తోంది! నన్ను చంపేద్దామనే ఇచ్చారా ఈ గది?"

బాలకిషన్ చేతిలో చెంబు జారిపడింది. "ఏడేండ్ల సంది ఉంటున్నరు గద సార్!"

"ఏడేళ్ల నుంచీ మొహమాటానికి ఓర్చుకున్నానండీ! ఇంక నా వల్ల కాదు. ఆ రేకుల గదైనా నాకిప్పించండి, లేదా ఖాళీ చేసి పోతాను. కాచిగూడలో ఒకటి చూసొచ్చాను. అదీ రేకులదే. ఎంత వెచ్చగా ఉందనుకున్నారు!"

"రేకులల్ల పగటిపూట రొట్టె కాల్తది సార్!"

"కాలనివ్వండి! నాక్కావలసింది అదేనండీ!"

ఇన్నాళ్లూ ఆయన సరదాకు అంటున్నారనుకున్నాడు బాలకిషన్. ఇది సరదా కాదు, ఉష్ణం తలకెక్కింది. ఏం చేద్దామని కిష్టవ్వ కోసం వెనక్కి తిరిగితే ఆమె అక్కడ లేదు. అప్పటికే తాతారావు గారి ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని మెట్లెక్కుతోంది.

ఆ పగలు జయమ్మ రాతిగోడల గదిలో, తడిక పక్కన, వచ్చిన తర్వాత మొదటిసారి ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. కూతుర్ని చూసి బాలకిషన్‌కు ప్రాణం లేచొచ్చింది. మేడ వైపు చూసి మాత్రం గుండె పీకింది. మతిలేని మనిషిని మోసం చేశానని అతని బాధ. ఆ పాపం కడుక్కోవడానికి అతను నడుం బిగించాడు. అలా తాతారావు గారికి అసలు కష్టాలు మొదలయ్యాయి.

ముందు రజాయి తీసుకెళ్లాడు. మంచి దూది, కొత్తది. "కప్పుకోండి సార్, ఫికర్ చెయ్యకున్రి." ఆయన కప్పుకున్నారు. బాలకిషన్ ఎదురుగా కూర్చుని మెడ దాకా సర్దాడు. తర్వాత అఫ్జల్‌గంజ్ నుంచి ఒక హకీం సాబ్‌ను పిలుచుకొచ్చాడు. హకీం సాబ్ నాడి పట్టుకుని, రోగి ముక్కు మీంచి బొట్లు బొట్లుగా కారుతున్న చెమట చూసి నివ్వెరపోయాడు.

"చలేనా?"

"చలేనండీ."

"మరి గీ చెమట?"

తాతారావు గారు కాసేపు ఆలోచించారు. "చల్లచెమటండీ."

ఇలాంటి కేసు హకీం సాబ్ తాతల నాటి పుస్తకాల్లో కూడా లేదు. మిరియాలూ శొంఠీ వేసి పొగలు కక్కే కషాయం రెండు పూటలా తాగించమన్నాడు. బాలకిషన్ స్వయంగా తెచ్చి, చెంబు అడుగు కనిపించేదాకా పక్కనే నిలబడేవాడు. రేకుల కింద, రజాయిలో, కషాయం గొంతు దిగుతుంటే తాతారావు గారి మొహం ఇటుక రంగుకొచ్చేది.

"ఎట్లున్నది సార్?"

"హాయిగా... ఉందండీ" అనేవారు, నూతిలోంచి వచ్చినంత సన్నటి గొంతుతో.

అయినా బాలకిషన్‌కు తృప్తి లేదు. ఒక ఆదివారం దుకాణంలో ఈగలు తప్ప ఎవరూ రాలేదు. గొడుగు కొనడానికి కూడా జనం బయటికి రాని ఎండ. తొందరగా ఇల్లు చేరి, పాపం సారుకు ఇంకా చలిగా ఉందేమోనని కుంపట్లో నిప్పులు రాజేసి, పట్టుకుని మెట్లెక్కాడు. పై మెట్టు మీద ఆగిపోయాడు.

అతనిచ్చిన కొత్త రజాయి రేకుల మీద పరిచి ఉంది. దాని నిండా నీళ్లు.

చప్పుడు చెయ్యకుండా తలుపు సందులోంచి తొంగి చూశాడు. ఏడేళ్లుగా గల్లీ మొత్తాన్ని హడలగొట్టిన ఆ నల్ల ఉన్ని కోటు తడిసి ముద్దయి, వట్టివేళ్ల తడికలాగా కిటికీకి వేలాడుతోంది. దాని కింద తాతారావు గారు అంగవస్త్రంతో, నెత్తిన తడిగుడ్డతో, బకెట్లో రెండు కాళ్లూ పెట్టుకుని, పళ్లెంతో విసురుకుంటున్నారు.

"అమ్మో! బాబోయ్! ఇదేం ఎండరా నాయనా! బెజవాడ తల్లీ, నీ ఎండ వెన్నెలే!"

బాలకిషన్ చేతిలో కుంపటి కాలుతోంది. అతనికి ఆ సంగతే తెలియలేదు. ఆ రోజు తానూ కిష్టవ్వా ఆనుకుని కూర్చున్న గోడ గుర్తొచ్చింది. ఆ గోడకున్నది కింది గది కిటికీ, అప్పుడు ఈయన ఉన్నది ఆ గదిలోనే. అడగనన్నాడు, ఇచ్చినా తీసుకోనన్నాడు. ఇక ఆ మనిషికి మిగిలిన దారి చలేసిందని అరవడమొక్కటే. మరి తాను? రజాయి కప్పాడు. మిరియాల కషాయం పోశాడు. ఇప్పుడు కుంపటి కూడా తెచ్చాడు!

లోపలికి పోయి కాళ్లు పట్టుకోవాలనిపించింది. కానీ పట్టుకుంటే నిజం బయటపడుతుంది, బయటపడితే తన మాట ప్రకారం జయమ్మను మళ్లీ ఈ రేకుల కిందికి తేవాలి. బాలకిషన్ ఊపిరి బిగబట్టి, కాలుతున్న వేళ్లను ఊదుకుంటూ, వచ్చిన దారినే మెల్లగా దిగిపోయాడు.

"కిష్టవ్వా! సార్‌కు చలి లేదే! ఉత్తదే!"

"నాకెర్కే" అంది కిష్టవ్వ, తలెత్తకుండా. "ట్రంకుపెట్టె ఎత్తుకున్ననాడే ఎర్క. చలి పెట్టేటోడు తడిక దిక్కు అసొంటి కండ్లతోని చూడడు."

"మరి నాకు చెప్పవేందే? నేను కషాయాలు తాగిస్తుంటి!"

"చెప్తె నీ జబాన్ అడ్డమొస్తది గద! సప్పుడు చెయ్యకు. సల్ల చిలుకుతున్న."

మరుసటి మధ్యాహ్నం బాలకిషన్ మెట్ల మీద గట్టిగా దగ్గుతూ, చెప్పులు టపటపలాడిస్తూ, బకెట్టు దాచుకోవడానికి సరిపడా వ్యవధి ఇచ్చి, రాగిచెంబుతో లోపలికెళ్లాడు. తాతారావు గారు తడికోటు తొడుక్కుని వణుకుతూ కూర్చున్నారు.

"సార్, కషాయం. హకీం సాబ్ మందు మార్చిండు. మస్తు వేడిగున్నది, జర పైలం."

తాతారావు గారు కళ్లు మూసుకుని చెంబు అందుకున్నారు. చేతికి చల్లగా తగిలింది. కళ్లు తెరిచారు. కొత్తకుండలో పెట్టిన చిక్కటి మజ్జిగ, పైన కొత్తిమీర, నిమ్మాకు. ఆయన బాలకిషన్ మొహంలోకి చూశారు. బాలకిషన్ రేకుల వైపు చూస్తున్నాడు. తాతారావు గారు చెంబు పెదాల దగ్గరికి తెచ్చుకుని "ఉఫ్... ఉఫ్..." అని ఊదుకుని, ఊదుకుని, చివరి చుక్క దాకా తాగారు.

"మంచి మందండీ. ఇదే వాడమనండి."

ఆ వారంలోనే జయమ్మకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా చల్లగా ఉన్నారు. తొట్టెల వేసిన రోజున వియ్యంకుడు గట్టయ్య జనగామ నుంచి దిగి, రుమాలుతో మొహం, మెడ, వీపు తుడుచుకుంటూ కుర్చీలో కూలబడ్డాడు.

"ఏం ఎండలు బావా మీ పట్నంల! పానం పోతున్నది!"

మామూలుగా అయితే ఆ మెప్పుకు బాలకిషన్ మీసం దువ్వేవాడు. ఆ రోజు మాత్రం ఆకాశమంతా వెతికి, "ఏ ఎండ?" అన్నాడు.

గట్టయ్య రుమాలు జారిపోయింది. కాసేపు వియ్యంకుణ్ణి, ఆ పక్కనే ఉన్ని కోటులో కూర్చున్న పెద్దమనిషిని మార్చి మార్చి చూశాడు.

"గిదేం ఎండ బావా! మా సార్‌కు చలి పెడ్తుంటే. ఏం సార్?"

"కాస్త చలిగానే ఉందండీ" అన్నారు తాతారావు గారు, మఫ్లరు సర్దుకుంటూ.

"కషాయం తెమ్మంటరా?"

"అంతకంటేనా! కొంచెం వేడిగా ఉండాలండోయ్."

"బావకు గూడ తెస్త."

"గీ ఎండల కషాయమా!" గట్టయ్య లేచి పారిపోబోయాడు. ఈలోగా కిష్టవ్వ రెండు చెంబులు తెచ్చి ఒకటి అతని చేతిలో పెట్టేసింది. విధిలేక ఒక గుక్క తాగాడు. అతని కళ్లు పెద్దవయ్యాయి. పక్కన తాతారావు గారు ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటున్నారు. బాలకిషన్ తొట్టెల ఊపుతూ నవ్వాపుకుంటున్నాడు. సంగతేమిటో గట్టయ్యకు అర్థం కాలేదు గానీ, చెంబు వదలాలని మాత్రం అనిపించలేదు.

"అబ్బ, నాలిక కాలింది బావా" అన్నాడు. "ఇంకింత పొయ్యి."