అన్వర్ సార్ స్క్రీన్ మీంచి జరిపేసిన పేరు

నిన్న పొద్దున కోరుట్ల నుంచి ఫోన్. అన్వర్ సార్ పోయారట. గుండెపోటు.

నాకు ఏడుపు రాలేదు. ముందు భయమేసింది. ఎందుకో చెప్తాను.

మీలో చాలామందికి సార్ తెలియదు. జగిత్యాలలో ఓ మేడ మీద చిన్న కంప్యూటర్ సెంటర్ నడిపేవారు. నేను అక్కడ స్టూడెంట్‌ని.

అవి అన్నల రోజులు, అంటే నక్సలైట్ల కాలం. ఊళ్లో అందరికీ భయమే. మా ఇంట్లో ఇంకొంచెం ఎక్కువ. మా అన్నయ్య అడవిలో ఉన్నాడు.

ఇంట్లో ఎంతమంది అని ఎవరడిగినా వాడిని వదిలేసి చెప్పాలని అమ్మ నేర్పింది. సెంటర్లో కూడా అలాగే చెప్పాను.

ఆ రోజు పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాష క్లాస్. ప్రోగ్రామ్ మనల్ని ఒక లైన్ అడుగుతుంది. మనం కొట్టి ఎంటర్ నొక్కితే, కామా ఉన్న ప్రతిచోటా తుంచి ముక్కలన్నీ ఒకదాని కింద ఒకటి చూపించి, మళ్లీ ఇంకో లైన్ అడుగుతుంది.

"మీ ఇంట్లోళ్ల పేరు, ఊరు కొట్టుండ్రి. నడుమ కామా మర్వకుండ్రి" అన్నారు సార్.

నాన్న, అమ్మ, నేను. ఆ ఊపులో వేళ్లు అన్నయ్య పేరు కూడా కొట్టేశాయి. ఎంటర్ కూడా నొక్కేశాను.

అప్పుడే మెట్ల మీద బూట్ల చప్పుడు.

ఎస్ఐ, వెనకాలే ఓ కానిస్టేబుల్. ఎస్ఐ కొత్తాయన. నా మొహం తెలియదు. కానీ ఆ పేరు తెలియని పోలీసు మా వైపు లేడు.

"కరపత్రాలు ఈడనే కొడుతున్నరట గదా?" అన్నాడు.

సార్ నా స్క్రీన్ చూశారు. నన్ను చూశారు.

"లే బిడ్డా, నేను చూపిస్త సార్‌కు" అని నా కుర్చీలో కూర్చున్నారు. "గిది ప్రాక్టీసు సార్. ఏం చెప్తే దాన్ని ముక్కలు చేస్తది. మీ పేరు చెప్పుండ్రి, మీరే చూడుండ్రి."

ఎస్ఐ పేరు చెప్పాడు.

"పూర్తి అడ్రస్ చెప్పుండ్రి సార్, గప్పుడు మంచిగ కనిపిస్తది."

మన దగ్గర అడ్రస్ అంటే తెలుసు కదా. తండ్రి పేరు, ఊరు, పోస్టు, తాలూకా, జిల్లా. ఆయన చెప్తున్నాడు, సార్ కామాలు పెడుతూ కొడుతున్నారు. ఎంటర్.

ముక్కలు కిందికి పరుచుకున్నాయి. పైవన్నీ పైకి జరిగాయి. అన్నయ్య పేరు ఇంకా కనిపిస్తూనే ఉంది.

కానిస్టేబుల్ ముందుకు వంగాడు. "నాది గూడ కొట్టు సార్." వాడి కళ్లు ఆ పేరుకు జానెడు దూరంలో ఉన్నాయి.

"చెప్పు తమ్మీ. వయా ఏ ఊరో గూడ చెప్పు."

ఎంటర్. ఆ పేరు పైకి వెళ్లి మాయమైంది.

"మీదికి పోయినవి ఏమైనయ్?" అన్నాడు ఎస్ఐ.

"పోయినయ్ సార్. గిది యాది పెట్టుకోదు."

వాళ్లు మెట్లు దిగి వెళ్లేదాకా సార్ నవ్వుతూనే ఉన్నారు. వెళ్లాక లేచి అటు తిరిగారు. చొక్కా వీపంతా తడిసిపోయింది. నాకంటే ఎక్కువ భయపడ్డారని అప్పుడు తెలిసింది.

నన్ను ఒక్క మాట కూడా అడగలేదు.

మర్నాడు మధ్యాహ్నం అందరూ అన్నానికి వెళ్లాక, మళ్లీ అదే ప్రోగ్రామ్ పెట్టారు. "ఇంట్లోళ్ల పేర్లు కొట్టు" అన్నారు. ముగ్గురివే కొట్టాను.

"ఇంకొకలున్నరు గదా బిడ్డా. కొట్టు. నేను మెట్ల కాడ నిలబడ్త."

కొట్టాను. చాలాసేపు చూసుకున్నాను. మా ఇంట్లో గోడలకు చెవులుంటాయని ఆ పేరు పైకి అనేవాళ్లం కాదు. తర్వాత సార్ వచ్చి స్విచ్ ఆపేశారు.

ఆ ఏడే ఎన్‌కౌంటర్. పేపర్లో అన్నయ్య అడవిలో పెట్టుకున్న పేరు వేశారు. అమ్మ పెట్టిన పేరు ఎక్కడా లేదు.

ఇన్నేళ్లూ నేనూ ఎక్కడా రాయలేదు. నా భయం తెలిసినవాళ్లు, నా కోసం భయపడినవాళ్లు సార్ ఒక్కరే. అందుకే నిన్న ఫోన్ పెట్టేశాక భయమేసింది, ఒంటరినైపోయానని.

పొద్దుటి నుంచి ఆ పేరు రాస్తున్నాను, తీసేస్తున్నాను. ఇక తీసెయ్యను.

మా అన్నయ్య పేరు నరేందర్.

పోయి రండి సార్. ఏ చప్పుడుకూ ఉలిక్కిపడక్కర్లేని చోటు ఆ అల్లా మీకివ్వాలి.