తాడు గుంజిన లీలమ్మ

లక్డారంలో సత్యానందం కొయ్యగిన్నెలను మెచ్చుకోని వాళ్ళు లేరు. నున్నటి టేకును ఎవరైనా చెక్కుతారు. అతను ఏరి తెచ్చేవి పొయ్యిలోకి కూడా పనికిరావని జనం పారేసిన వేపబుడిపెలు, గంటుపడ్డ చింతమొద్దులు. వాటిని రెండు వేసవులు నీడన ఆరబెట్టి, తరిణె అనే చట్రానికి బిగించి తిప్పుతూ ఉలి పెడితే లోపలి సుడులన్నీ గిన్నె ఒంటి మీద తేలేవి. చర్చిలో కానుకల పళ్ళెం అతనిదే. సంగారెడ్డి డాక్టరమ్మ బల్ల మీద పూలగిన్నె అతనిదే.

అయితే ఆ తరిణె దానంతటది తిరగదు. దానికి చుట్టిన తాడును ఒక మనిషి ముందుకూ వెనక్కూ గుంజాలి. ఆ మనిషి అతని భార్య లీలమ్మ. పెళ్ళయిన రెండో నెలలో, అంటే పంతొమ్మిది వందల యాభై రెండులో, తాడు చేతికొచ్చింది. నాట్లేసి వచ్చి గుంజింది, పిల్లలకు పాలిచ్చి వచ్చి గుంజింది. మెప్పు మాత్రం ఉలి పట్టిన చేతికే. సొమ్మొకరిది, సోకొకరిది అని ఊరికే అన్నారా! డెబ్బై నాలుగు నాటికి ఆమె కుడిచెయ్యి భుజం దాటి లేవడం మానేసింది. కొప్పు కూడా పక్కింటి పుష్పమ్మే ముడిచేది.

అందుకే పటాన్‌చెరు దగ్గర ఫ్యాక్టరీలో సత్యానందానికి కొయ్యపిడులు చేసే పని దొరికి, అక్కడి తరిణె మోటారుతో నడుస్తుందని తెలిసినప్పుడు లీలమ్మ దేవునికి స్తోత్రం చెప్పుకుంది. ఈస్టర్‌కు బాప్తిస్మాల గిన్నె ఒకటి కావాలని చర్చి పెద్దలు అడిగారు.

"ఇగ నువ్వు పరేషాన్ గాకు. సూపర్‌వైజర్ను అడిగిన, మోటరు మీద చేసుకొస్త," అని సత్యానందం పెద్ద బుడిపెను సంచిలో వేసుకుపోయాడు.

సాయంత్రం నుదుటికి కట్టుతో, సంచిలో ముక్కలతో వచ్చాడు.

"గంటు కాడ పగిలింది. మోటరుకేం తెలుస్తది, గట్లనే తిరిగింది."

"గంటు వచ్చినప్పుడల్లా నేను తాడు వదులు జేస్తుంటి," అంది లీలమ్మ.

అతను తెల్లబోయాడు. "నేనెప్పుడూ చెప్పలే గదా?"

"ఒకరు చెప్పాల్నా? చేతికి తెలుస్తది."

ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక అతను ఇంకో బుడిపెను బిగించి, తాడు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"గీ ఒక్కటి గుంజు లీలమ్మా. మాటిచ్చిన."

"నాకు చెయ్యి లేస్తలేదు. ఉలి నాకియ్యి. నువ్వు గుంజు."

నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు. తాడు పట్టాడు. లీలమ్మ మోకాలికి మోచెయ్యి ఆనించి ఉలి పెట్టింది. "వదులు... ఇప్పుడు గుంజు... వదులుమంటున్న గదా!" ఇరవై రెండేళ్ళు ఎదురుగా కూర్చుని చూసిన పని. అతనికి రొప్పు వచ్చి నాలుగుసార్లు ఆగారు. చివరకు గిన్నె అయింది. అంచు కొంచెం వంకరే, కానీ నీళ్ళు పోస్తే చుక్క కారలేదు.

అన్నానికి కూర్చుంటే సత్యానందం చెయ్యి ముద్దతో నోటిదాకా లేవలేదు.

"నీకు రోజూ గిట్లనే ఉండెనా?" అన్నాడు.

లీలమ్మకు జాలి వేయలేదు. ఒళ్ళు మండింది, కానీ కోపం చూపే ఓపిక కూడా లేదు.

"గీ మాట అడగనీకి ఇరవై రెండేండ్లు పట్టిందా," అని గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆ పూట ఎంగిలి కంచాలు అతనే తీశాడు, ఎడమ చేత్తో.