పోస్టక్క మోసిన ప్రశ్న

కొండచరియ విరిగిపడి దారి మూసుకుపోయిన మర్నాడు పొద్దున మా పాపకు జ్వరంతో పాటు ఒంటి మీద ఎర్రటి మచ్చలు లేచాయి. పదినెలల పిల్ల. గుడారం వేసుకుని మూడు రోజులు గడుపుదామని వచ్చిన మేం, దారి పక్క విడిది గదిలో మరో ఆరుగురితో ఇరుక్కుపోయాం. ఫోన్లో సిగ్నల్ లేదు. మట్టి తీసే యంత్రం ఎల్లుండికి గాని రాదట. రాళ్లింకా జారుతూనే ఉన్నాయి. పాపనెత్తుకుని దాటే ధైర్యం మాకు లేదు.

పోస్టక్క మాత్రం ఎప్పటిలాగే దాటి వెళ్తానంది. యాభైకి దగ్గరపడిన మనిషి, పంతొమ్మిదేళ్లుగా ఈ కొండ మీద ఉత్తరాలు పంచుతోంది. రెండు గంటలు దిగితే ఒక మలుపులో సిగ్నల్ తగులుతుంది. మాట వినపడదు, ఫోటో ఎక్కదు, రాతలు మాత్రం పోతాయి. తపాలా బండి కోసం ఆమె అక్కడ అరగంట ఆగుతుంది. అందుకని పైవాళ్లందరూ ఫోన్లు ఆమె సంచిలో వేస్తారు.

నేనూ వస్తానన్నాను.

"నువ్వు జారితే నిన్ను మొయ్యాలా, సంచి మొయ్యాలా? రాసింది చదువు, తమ్ముడూ."

పిల్లల డాక్టరైన మా వదినకు రాసింది చదివాను. గంటగంటకూ ఉష్ణోగ్రత, సగటుతో సహా.

"ఇదేం లెక్కల పరీక్షా? పాలు తాగుతోందా? ఉచ్చ పోస్తోందా?"

"ఆ, రెండూ."

"మరి అవి రాయలేదేం? చివర్న ఏమడిగావు?"

"ప్రమాదమా అని."

"చూస్తే గాని చెప్పలేనంటుంది. మళ్లీ అడగాలంటే రేపటిదాకా ఆగాలి. ఇలా ఉంటే ఏం చెయ్యాలి, అలా ఉంటే ఏం చెయ్యాలి, రెండూ ఒకేసారి చెప్పమను. వెనకటికి ఒకాయన చెల్లెలికి 'వెంటనే రా' అని మాత్రం పెట్టాడు. ఆ పిల్ల వానలో ఏడ్చుకుంటూ కొండెక్కింది. తీరా చూస్తే ఆవు ఈనిందట!"

తిరగరాసి, లాక్ తీసిన ఫోన్ ఇచ్చాను.

ఆమె వెళ్లాక తెలిసింది, అందరి ఫోన్లతో పాటు టైము చూసుకునే గడియారమూ పోయిందని. నిమిషానికి పాప ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టాలనుకున్నాను. నా నాడినే కొలతగా పెట్టుకున్నాను. భయానికి అది పరుగెడుతోంది. ఏ లెక్కా నిలవలేదు.

"మీ చెయ్యి మీరే పట్టుకుని కూర్చుంటే పాపనెవరు పట్టుకుంటారు?" అంది మా ఆవిడ.

చాలాసేపటికి పోస్టక్క బురదకాళ్లతో వచ్చి ఫోన్ చేతిలో పెట్టింది. వదిన జవాబు వచ్చింది: "మచ్చ మీద గాజుగ్లాసు ఒత్తి చూడండి. ఎరుపు మాయమైతే అక్కడే ఉండండి, పాలు మానకండి. అలాగే నిలిస్తే క్షణం ఆగొద్దు, ఎలాగైనా కిందికి తీసుకురండి."

విడిదిలో అన్నీ స్టీలు గ్లాసులే. కిటికీలకు చెక్క తలుపులు. గది మధ్యలో నిలబడి అటూ ఇటూ చూస్తున్నాను. పోస్టక్క కళ్లజోడు తీసి, కొంగుతో తుడిచి, నా చేతిలో పెట్టింది.

పాప పొట్ట మీద ఒత్తాను. తెల్లబడిందో లేదో తెలియలేదు. మళ్లీ ఒత్తాను.

"కుదురుగా పట్టడం లేదు నువ్వు. ఇటివ్వు."

"జోడు లేకుండా నీకేం కనపడుతుందక్కా?"

"నేను ఒత్తుతా. నువ్వు చూడు."

ఆమె ఒత్తింది, నేను చూశాను. పొట్ట మీద, వీపు మీద, తొడల మీద, ఒక్కో మచ్చా అద్దం కింద తెల్లబడి, తీయగానే మళ్లీ ఎర్రబడింది. చెవి వెనకాల ఉన్న ఆఖరి మచ్చ కూడా మాయమయ్యాక, మా ఆవిడ పాపను లాక్కుని గోడవైపు తిరిగి పాలు పట్టింది.