అరవై డిగ్రీల కబురు

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ కాలేజీల్లో ఫిజిక్స్ చెప్పి చెప్పి గొంతు అరిగిపోయాక, ఇక చాలనుకుని మానేశాను. అప్పటికి మన్సూరాబాద్‌లో ఒక రెండంతస్తుల ఇంటి పై వాటాలో అద్దెకు ఉంటున్నాను. పెళ్ళి చేసుకోలేదు. తెనాలి వైపు చుట్టాలున్నారు గానీ, అమ్మ పోయాక రాకపోకలు తగ్గిపోయాయి. పాఠాలు చెప్పినన్నాళ్ళూ రోజూ గదినిండా పిల్లలు నా మాట వినేవారు. మానేశాక, పొద్దుటి నుంచి నేను ఎవరితోనూ మాట్లాడలేదన్న సంగతి ఒక్కోరోజు సాయంత్రానికి గాని గుర్తొచ్చేది కాదు. కూరగాయల బండి దగ్గర ‘అరకిలో ఇవ్వండి’ అన్నప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించేది.

కింది వాటాలో ఇంటివాళ్ళు, భార్యాభర్తలిద్దరే. ఆయనది బడంగ్‌పేట్ వైపు పాత వ్యవసాయ కుటుంబం. పొలాలు ప్లాట్లయ్యాక ఆయనా భూముల వ్యాపారంలోకి దిగాడు. పొద్దున కారేసుకుని వెళ్తే చీకటి పడ్డాకే రావడం. ఆవిడ ఇంట్లోనే ఉండేది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. నేను అక్కా అనేదాన్ని, ఆవిడ టీచరమ్మా అనేది. మెట్ల దగ్గర ఎదురుపడితే రెండు మాటలు, అంతే. పగలంతా ఒకే ఇంట్లో, ఒకళ్ళ నెత్తి మీద ఒకళ్ళం, ఎవరికి వాళ్ళం ఉండేవాళ్ళం.

ఆ ఏడు ఎండలు తొందరగా ముదిరాయి. పై వాటా కావడంతో మధ్యాహ్నానికి స్లాబు కాలి, ఫ్యాను వేస్తే వేడిగాలి ముఖాన కొట్టేది. అప్పుడే మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తిరగడం మొదలైంది. రేపటి నుంచి నగరంలో ఎండ అరవై డిగ్రీలు దాటుతుందట. శాస్త్రవేత్తలు హెచ్చరించారట. మధ్యాహ్నం బయట తిరగకూడదట, తలుపులూ కిటికీలూ తెరవకూడదట. చల్లటి నీళ్ళు తాగితే రక్తనాళాలు చిట్లి మనిషి అక్కడికక్కడే పోతాడట. అదే సంగతి వణుకుతున్న ఒక ఆడగొంతుతో ఆడియోగా కూడా వచ్చింది. ఏ శాస్త్రవేత్తలో, ఎక్కడ చెప్పారో ఒక్క ముక్క లేదు.

నేను ఊరుకోలేకపోయాను. పాఠం చెప్పే అలవాటు అంత తేలిగ్గా పోదు. కూర్చుని జవాబు రాశాను. భూమి వేడెక్కడం నిజం. బొగ్గూ పెట్రోలూ కాల్చి మనం వదిలే వాయువులే దానికి ప్రధాన కారణమన్నదీ నిజం. దాని వల్ల వడగాలుల రోజులు పెరుగుతున్నాయి, అవి ముదురుతున్నాయి. కానీ రేపటి నుంచి అరవై డిగ్రీలన్నది అబద్ధం, భూమ్మీద ఎక్కడా అంత ఉష్ణోగ్రత నమోదు కాలేదు. చల్లటి నీళ్ళకు రక్తనాళాలు చిట్లుతాయన్నదీ అబద్ధమే. రేపటి ఎండ సంగతి వాతావరణ శాఖ రోజూ చెబుతుంది, అక్కడ చూసుకోండి అని రాశాను.

ఇరువైపుల నుంచీ దెబ్బలు పడ్డాయి. ‘భయపడి జాగ్రత్తపడుతున్నవాళ్ళను నిర్లక్ష్యంగా ఉండమంటారా?’ అని ఒకాయన కోప్పడ్డాడు. ‘భూమి వేడెక్కడమే పెద్ద బోగస్, మీరు కూడా నమ్మారా మేడం?’ అని ఇంకొకాయన నవ్వు బొమ్మలు పెట్టాడు. ఆ తర్వాత ఎవరిదో పుట్టినరోజు కేకు ఫొటో వచ్చింది. అందరూ శుభాకాంక్షల్లో పడ్డారు. నేను రాసింది ఎక్కడో పైకి జరిగిపోయింది.

మర్నాడు పొద్దున మెట్ల దగ్గర ఇంటాయన కనిపించాడు.

“ఏంది టీచరమ్మా, గ్రూపుల లొల్లి పెట్టినవంట?” అని నవ్వాడు. “ఎండలు ఎప్పుడు లేవు చెప్పు? మా చిన్నప్పుడు గింతకంటె ఎక్కువుండె. గదంతా ఉత్త పుకారు.”

“ఎండలు అప్పుడూ ఉన్నాయండీ, కాదనను. ఒక్క రోజు ఎండ చూసి కాదు, ఏళ్ళ తరబడి కొలిచి సగటు చూస్తే తెలుస్తుంది. అది పెరుగుతోంది.”

“ఏమో, నీ సగటు నాకు కనవడదు గదా,” అంటూ కారెక్కి వెళ్ళిపోయాడు.

నవ్వుతూనే అన్నాడు, తప్పు పట్టడానికేమీ లేదు. అయినా పైకి వచ్చి కూర్చున్నాక ఏదో ఖాళీగా అనిపించింది. భయపెట్టేవాళ్ళకు తోడున్నారు. కొట్టిపారేసేవాళ్ళకూ తోడున్నారు. మధ్యలో ఉన్న మాట చెప్పేవాళ్ళ పక్కన వచ్చి నిలబడేవాళ్ళే కనిపించలేదు. ఫోను పక్కన పెట్టేశాను. ఆ రోజు ఇక దాన్ని తెరవలేదు.

ఆ మరుసటి మధ్యాహ్నం కరెంటు పోయింది. ఎంతసేపటికీ రాలేదు. ట్యాంకులో నీళ్ళు కూడా అయిపోయాయి. కరెంటు వచ్చాక మోటారు వేయమని చెబుదామని కిందికి దిగాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. అన్ని కిటికీలూ మూసి ఉన్నాయి, సందుల్లో గుడ్డలు కుక్కి ఉన్నాయి. “అక్కా!” అని పిలిచాను. పలకలేదు. తలుపు నెట్టగానే లోపలి నుంచి ఉడుకు ఆవిరి మొహానికి తగిలింది.

ఆవిడ ముందుగదిలో సోఫాకి ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. ముఖం ఎర్రబడి ఉంది. ఒళ్ళు ముట్టుకుంటే కాలిపోతోంది. నన్ను చూసి, “అమ్మా, బర్రెకు కుడితి పెట్టినవా?” అంది. ఆ ఇంట్లో గేదె లేదు.

ముందు 108కి ఫోన్ చేశాను. తర్వాత కిటికీలు తెరిచాను. బిందెలో ఉన్న నీళ్ళతో దుప్పటి తడిపి ఆవిడ ఒంటి నిండా కప్పాను. మెడ దగ్గర, చంకల్లో తడిగుడ్డలు పెట్టి, ఇంకో చేత్తో పేపరు మడిచి విసురుతూ కూర్చున్నాను. మాట తడబడుతున్న మనిషి నోట్లో నీళ్ళు పోస్తే పొలమారుతుందని తెలుసు కనుక పోయలేదు. ఆ కాసేపూ నేను ఆవిడతో ఏవేవో మాట్లాడుతూనే ఉన్నాను. అన్ని నెలల్లో నేను అంత మాట్లాడింది అప్పుడే.

అంబులెన్సులో నేనే వెంట వెళ్ళాను. ఎల్బీ నగర్ దాటి దవాఖానకు చేరేసరికి ఆవిడ కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టింది. దారిలోంచి నేను ఫోన్ చేస్తే ఇంటాయన చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే పరుగెత్తుకొచ్చాడు. వడదెబ్బేనని, ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమని డాక్టరు అన్నాడు. ఇంటాయన గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. ఎండ సంగతి నేను ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

ఇంటికి వచ్చాక ఒక సాయంత్రం ఆవిడ పక్కన కూర్చున్నాను.

“నీళ్ళెందుకు తాగలేదక్కా?”

“ఫోన్ల ఆమె ఏడ్సుకుంట చెప్పింది గదనే. సల్ల నీళ్ళు తాగితే నరాలు పలుగుతయని. ఫ్రిజ్జు ముట్టలే. కుండల నీళ్ళు గూడ సల్లగనే ఉంటయి గదా అని ఊకున్న.”

“అది అబద్ధమని నేను గ్రూపులో రాశాను కదా.”

“నువ్వు రాసినవేమో. నాకు అంత సదువు రాదు టీచరమ్మా. ఆమెదైతే మాట ఇనవడ్డది.”

అబద్ధం మనిషి గొంతుతో వచ్చింది. నేను చెప్పిన నిజం అక్షరాల్లో ఉండిపోయింది. దీని గురించి నేను చాలా రోజులు ఆలోచించాను.

“అయితే అంతా అబద్ధమే అన్నట్టా? మా ఆయన గదే అంటుండె,” అందావిడ.

“అంతా కాదక్కా. మధ్యాహ్నం బయట తిరగొద్దన్నారు, అది నిజం. ఎండ పడే వైపు కిటికీకి పరదా వేసుకోవడం మంచిదే. మేడ మీద సున్నం కొట్టిస్తే ఇల్లు కాస్త చల్లబడుతుంది. కానీ గాలాడకుండా బిగించేసి, నీళ్ళు మానేస్తే ప్రాణం మీదికొస్తుంది. ఎండలు ముదురుతున్నాయి, అది నిజం. అరవై డిగ్రీలు అబద్ధం. మనకు వడదెబ్బ తగలడానికి అరవై అక్కర్లేదు కదా, ఈ ఎండే చాలు.”

“గిట్ల చెప్తే సమజ్ అయితది,” అంది. మళ్ళీ తనే, “నువ్వు రోజు కిందికొచ్చి చెప్పరాదూ,” అంది.

నేను చెప్పింది ఆవిడకే అయినా, పని మొదలుపెట్టింది ఇంటాయన. తన నోటితో నా సగటును ఒప్పుకోలేదు. “మేడ మీద సున్నం కొట్టిస్తే సల్లగుంటదంటివి గదా, కొట్టిద్దాం,” అన్నాడు, అంతే. తెల్లటి సున్నం రెండు పూతలు వేయించాడు. నా గదిలో స్లాబు మునుపటిలా కాలడం తగ్గింది. పడమటి కిటికీకి బయట పచ్చటి నెట్ కట్టించాడు. గేటు దగ్గర వేప మొక్క నాటించాడు. అది నీడ ఇవ్వడానికి ఏళ్ళు పడుతుందని ఆయనకూ తెలుసు. ఈ సున్నంతో భూమి వేడి తగ్గదనీ, బొగ్గు కాల్చడం తగ్గితేనే అసలు పని జరుగుతుందనీ నేను ఆయనకు చెప్పాను. “గా ముచ్చట సర్కారోళ్ళకు చెప్పు. ఇది మన ఇల్లు,” అన్నాడు. రెండూ కావాలన్నాను. తలూపాడు.

గ్రూపులో నేను రాయడం మానేసి మాట్లాడటం మొదలుపెట్టాను. ఎండాకాలం పొద్దున్నే వాతావరణ శాఖ చెప్పింది చూసి, నిమిషం లోపు ఆడియో పెట్టేదాన్ని. ఎంతమంది విన్నారో తెలియదు. నవ్వు బొమ్మలు మాత్రం తగ్గాయి. మధ్యాహ్నం ఒంటరిగా ఉండే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళకు ఫోన్ చేసి నీళ్ళు తాగారా అని అడిగేదాన్ని. వాళ్ళు మొహమాటంగా తాగామనేవారు. మాట అక్కడితో ఆగిపోయేది. అయినా చేసేదాన్ని.

రెండేళ్ళకి ఆ ఇల్లు అపార్టుమెంటు కోసం బిల్డరుకు ఇచ్చేశారు. సున్నం వేసిన మేడా, వేప మొక్కా అన్నీ పోయాయి. వాళ్ళు బడంగ్‌పేట్‌లో కొత్తగా కట్టుకున్న ఇంటికి వెళ్ళారు. సామాను ఎక్కిస్తున్నప్పుడు ఆవిడ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నేను ఎల్బీ నగర్‌లో ఒక అపార్టుమెంటులో మూడో అంతస్తుకు మారాను. ఇక్కడ ఎదురింటి తలుపు మీది పేరు తప్ప లోపల ఎవరుంటారో నాకు తెలియదు. లిఫ్టులో ఎవరైనా ఎక్కితే ఇద్దరం అంకెల వైపు చూస్తూ నిలబడతాం.

మొన్న మే నెలలో, ఎండ బాగా ముదిరిన రోజున, అక్కకు ఫోన్ చేశాను.

“ఇంట్లనే ఉన్న. నీళ్ళు తాగిన, మజ్జిగ తాగిన. కిటికీలు పొద్దుగూకినంక తెరుస్త,” అంది, పాఠం అప్పజెప్పినట్టు. నేను నవ్వాను.

ఫోన్ పెట్టేయబోతుంటే ఆవిడే అడిగింది. “నువ్వు తిన్నవా?”

లేదన్నాను. తినమంది. లేచి వంటింట్లోకి వెళ్ళి, అన్నంలో మజ్జిగ పోసుకుని తిన్నాను.